ద్వీపమనగా నేమి? – వాలెస్ గ్రంథముపై ఒక విమర్శ

ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1880లో ప్రకటించిన ‘ఐలాండ్ లైఫ్’ పరిణామవాదము బోధించు ఉపాధ్యాయులు నేటికిని చదువదగిన గ్రంథము. కోనసీమలోని ఐ.పోలవరంలో కూర్చుండి చదివినచో దాని బలమును, కొరతయు రెండును తెలియును. ఆ ఊరి పేరులోని ‘ఐ’ ఐలాండ్ అను ఇంగ్లీషు మాటకు పొడి అక్షరము. మరి వాలెస్ చెప్పిన అర్థములో అది ద్వీపమేనా?

ముందుగా బలము. చుట్టును నీరున్నంత మాత్రమున ద్వీపములన్నియు ఒక్కటి కావని వాలెస్ చూపినాడు. బ్రిటన్ ఖండమునుండి విడిపడి ఎంతో కాలము కాలేదు. నడుమ సముద్రము లోతు తక్కువ. కనుక అక్కడి జంతువులు చాలవరకు ఖండములోని వానినే పోలియుండును. మడగాస్కర్ విడిపడి యుగములైనది. గాలపగోస్ ఎన్నడును ఖండమునకు అంటియుండలేదు. అందుచేత అచ్చట వేరెక్కడను లేని జాతులు కలవు. ద్వీపము వయస్సు, సముద్రపు లోతు, రాకపోకల వీలు కలిపి చూడవలెనన్నది ఆయన పాఠము. ఈ కొలతతో చూచినచో, గోదావరి ఒండ్రుతో ఏర్పడిన మన లంక నిన్న మొన్నటిది. ఎదుర్లంక రేవున పంట్లు తిరిగినవి. 2002లో యానాం వైపునకు వారధి వచ్చినది. పెండ్లివారు గోదావరి దాటుట ఇక్కడ వింత కాదు.

ఇక కొరత. వేరుపడిన ప్రాణులలో భేదము ఎట్లు నిలుచునో వాలెస్ పూర్తిగా చెప్పలేకపోయినాడు. మెండెల్ వ్యాసము 1866లోనే అచ్చయినను 1900 వరకు లోకము దానిని గుర్తించలేదు. చిన్న సమూహములో కొన్ని జన్యురూపములు కేవలము యాదృచ్ఛికముగా పెరుగుననియు, కొన్ని అంతరించుననియు 1931లో సూయల్ రైట్ గణితముతో చూపినాడు. గుప్పెడు గింజలతో పొలము విత్తినచో ఆ గుప్పెటిలో పడిన రకములే మొలచును గదా! అయితే తరమునకు ఒకరిద్దరు బయటివారు వచ్చి సంతానము పొందినను ఈ భేదము అంతగా పెరుగదు.

కావున మనుష్యుల విషయములో అసలు గట్టు నీరు కాదు, వివాహపు కట్టుబాటు. 2005లో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధకులు అండమాన్ దీవులలోని ఓంగే, గ్రేట్ అండమానీ ప్రజలలో ప్రాచీనమైన ప్రత్యేక వంశశాఖలను గుర్తించినారు. అది సముద్రపు పని. 2009లో అదే సంస్థవారు అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి, ఆంధ్రదేశపు వైశ్య సమాజము నూరు తరములకు పైగా తనలో తానే వివాహములు జరుపుకొనుచు వచ్చినదని అంచనా కట్టినారు. ఇక్కడ సముద్రమెక్కడ?

దీని ఫలము ఆసుపత్రిలో కనిపించును. ఆ సమాజములో సూడోకోలినెస్టరేజ్ అను ఎంజైము లోపము ఇతరులలోకన్న ఎక్కువ. అట్టి లోపము గలవారికి శస్త్రచికిత్సలో కండరములు సడలుటకు సక్సినైల్‌కోలిన్ ఇచ్చినచో, నిమిషములలో తీరవలసిన ప్రభావము గంటలకొలది నిలిచి, యంత్రముతో శ్వాస ఆడించవలసి వచ్చును. మత్తుమందు వైద్యునికి ముందే తెలిసినచో ప్రమాదము తప్పును. ఇది ఒక కులపు తప్పు కాదు. తలుపు మూసుకొన్న ఏ సమూహములోనైనను ఏదో ఒక లోపము ఇట్లే పేరుకొనవచ్చును.

వాలెస్ పుస్తకము జంతువులు, మొక్కలను గూర్చినది. మనుష్యుల మాట అందులో లేదని తప్పుపట్టరాదు. కాని దానిని బోధించువారు నీటియొద్దనే ఆగిపోరాదు. మీ తరగతిలో విద్యార్థుల అమ్మమ్మలు, నాయనమ్మలు ఏయే ఊళ్లనుండి వచ్చినారో అడిగి పటముపై చుక్కలు పెట్టించండి. చుక్కలు గోదావరి దాటును. అవి దాటని గీతలు పటములో కనబడవు. వానిని గూర్చి ఆలోచింపజేయుటయే ఈ పాఠము.