ఆకురాయి రాష్ట్రానిది, కొలత దేశానిది

ఐటీఐ ఫిట్టర్ సిలబస్‌ను ఓపికగా చదివితే దాని అల్లిక తెలుస్తుంది. మొదట మార్కింగ్, హాక్‌సాతో కోయడం, ఉలితో చెక్కడం, ఆకురాయి పట్టడం, డ్రిల్లింగ్, ట్యాపింగ్. ఈ దశలో కొలత ±0.25 మిల్లీమీటర్ల లోపు ఉంటే చాలు. చెయ్యి కుదిరాక స్టెప్ ఫిట్, టి ఫిట్ వంటివి వస్తాయి. అక్కడ ±0.04 దాటకూడదు. అంటే అటూ ఇటూ కలిపి వదిలిన చోటు దాదాపు తలవెంట్రుక మందం.

టి ఫిట్‌నే తీసుకోండి. ఒక ఇనుప ముక్కలో టి ఆకారపు గాడి, రెండో ముక్క అందులో ఇరుక్కోకుండా, వదులుగా ఊగకుండా జారాలి. గాడి మూల దగ్గర అసలు కష్టం. అడుగు రుద్దుతుంటే పక్కగోడ కూడా అరిగిపోతుంది. అందుకే ఒక అంచున పళ్లు లేని సేఫ్ ఎడ్జ్ ఆకురాయి వాడతారు. ఒక ముక్కకు నీలం రంగు పల్చగా పూసి, రెండోదానిలో జరిపి చూస్తారు. ఎక్కడ రంగు అంటిందో అక్కడ ఎత్తు ఉన్నట్టు. అక్కడ మాత్రమే మళ్లీ రుద్దాలి. ఎంత పొదుపైన పద్ధతి!

నంద్యాల ఐటీఐ షెడ్డులోని కుర్రాడికీ నాగపూర్ కుర్రాడికీ ఆ 0.04 ఒకటే. అది ఒకటిగా ఉండడం వెనక ఇంకో పనితనం ఉంది. 1950లో కేంద్రం క్రాఫ్ట్స్‌మెన్ శిక్షణ పథకం మొదలుపెట్టింది. శివరావు కమిటీ సూచన మేరకు 1956లో సంస్థల నిర్వహణ రాష్ట్రాలకు వెళ్లింది. అదే ఏడాది ప్రమాణాలు చూసేందుకు జాతీయ మండలి ఏర్పడింది. నా దృష్టిలో మొత్తం ఏర్పాటుకు కీలు ఇదే: నడిపే పనినీ కొలిచే పనినీ విడదీసి, రెండు చేతుల్లో పెట్టారు.

ఇప్పుడు సర్కారీ ఐటీఐ భవనం, బెంచీలు, ఏటీవో అని పిలిచే ఇన్‌స్ట్రక్టర్ సార్ జీతం రాష్ట్రం చూసుకుంటుంది. సిలబస్ పని కోల్‌కతాలోని కేంద్ర సంస్థ సీఎస్‌టీఏఆర్‌ఐలో, పరిశ్రమల వాళ్లు కూడా కూర్చునే ట్రేడ్ కమిటీల నడుమ సాగుతుంది. పాఠ్యపుస్తకాలు, ప్రశ్నల నిధి చెన్నైలోని నిమి అనే కేంద్ర సంస్థ తయారుచేస్తుంది. ఆలిండియా ట్రేడ్ టెస్టు దేశమంతటికీ ఒకటే. నేర్పేవాడికి నేర్పే చోట్లలో ప్రధానమైనవీ కేంద్రానివే. హైదరాబాద్ విద్యానగర్‌లోని ఎన్‌ఎస్‌టీఐ అలాంటిది. పాఠం చెప్పడం, చేసిన ముక్కలోని తప్పును పిల్లాడి చేతే పట్టించడం ఇన్‌స్ట్రక్టర్లు అక్కడ నేర్చుకుంటారు. అన్నిటిలోకీ ఈ భాగమంటే నాకు ఎక్కువ గౌరవం. సిలబస్ మారినంత వేగంగా షెడ్డులో లేత్ మారదు. ఆ లోటును రోజూ పూడ్చేది ఇన్‌స్ట్రక్టరే.

మిగిలింది కార్ఖానా. 1961 అప్రెంటిస్ చట్టం దాన్నీ ఇందులోకి తెచ్చింది. 2019 సవరణ తర్వాత 30 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థ తన బలగంలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో చేరిన ఫిట్టర్ అప్రెంటిస్‌కు ఎదురయ్యేది అభ్యాసం కోసం చేసే ముక్క కాదు, మళ్లీ పట్టాల మీదికి వెళ్లాల్సిన రైలు పెట్టె. ఐటీఐలో అలవాటైన ఖచ్చితత్వం అక్కడ బేరింగులకూ షాఫ్టులకూ మధ్య నిజంగా పనిచేస్తుంది. ఆ శిక్షణ ముగిశాక మళ్లీ దేశస్థాయి పరీక్ష, దానికి వేరే సర్టిఫికెట్. దాన్ని ఏ రాష్ట్రంలో చూపించినా చెల్లుతుంది.