అడ్మిషన్ రిజిస్టరు కూడా తెరవండి

పదో తరగతి ఫలితాలు రాగానే మండలంలో ఏ హైస్కూలు పైన, ఏది కింద అన్నది తేలిపోతుంది. పైన ఉన్న బడికి శాలువాలు, అడుగున ఉన్న హెడ్మాస్టరుకు మెమోలు. 2022లో 49.70 శాతంతో ఉమ్మడి అనంతపురం జిల్లా రాష్ట్రంలోనే ఆఖరున నిలిచినప్పుడు ఆ ఒత్తిడి ప్రతి బడి మీదా పడింది.

ఫలితాల కాగితం చేతికొస్తే నేను ముందు చూసేది శాతం కాదు, ఎంతమంది పరీక్ష రాశారన్నది. ఇరవై మంది రాసిన బడిలో ఒక్కరు తప్పితే ఐదు శాతం పోతుంది. నూరు మంది రాసిన చోట అంత పోవాలంటే ఐదుగురు తప్పాలి. చిన్న బడిని ఒక్క ఏడాది ఫలితంతో తూచడం అన్యాయం. కనీసం మూడేళ్లవి కలిపి చూడాలి.

ఆ తర్వాత చూడాల్సింది, బడిలోకి ఎవరొచ్చారన్నది. 1972లో మొదలైన కొడిగెనహళ్లి గురుకులం ఎందరో పేదింటి పిల్లల్ని నిలబెట్టింది. అయితే అక్కడ సీటు ప్రవేశ పరీక్ష గెలిచినవాళ్లకే. వచ్చిన ప్రతి బిడ్డనూ చేర్చుకునే జిల్లా పరిషత్ హైస్కూలును దాని పక్కన నిలబెట్టి మార్కులేయడం, ఏరిన విత్తనం వేసిన చేనుతో దొరికిన విత్తనం వేసిన చేనును పోల్చినట్టే.

అసలు నష్టం పట్టికకు ఎక్కదు. శెనక్కాయ పంట పోయిన ఏడు కళ్యాణదుర్గం, కుందుర్పి వైపు ఊళ్ల నుంచి జనం బెంగళూరు పనులకు పోతారు. వెంట పోయిన పిల్లాడి పేరు హాజరుపట్టీలో ఉంటుంది, ఎదుట వారాల తరబడి ఆబ్సెంటే. పరీక్ష ఫీజు కట్టే నాటికి ఆ పేరు జాబితాలోనే ఉండదు. పరీక్ష రాయనివాడు ఫెయిలవడు కాబట్టి బడి శాతానికి దెబ్బ తగలదు. వాడి ఇంటికి పోయి, అవ్వకు నచ్చజెప్పి, వెనక్కి పిలిపించి పరీక్షకు కూర్చోబెట్టిన హెడ్మాస్టరుకే శాతం తగ్గే భయం. మంచి పని చేసినవాణ్ణి శిక్షించే లెక్క ఇది.

అందుకే మండల సమీక్షలో ఫలితాల కాగితం పక్కన అడ్మిషన్ రిజిస్టరు కూడా తెరవాలి. ఆరో తరగతిలో చేరినవాళ్లలో, టీసీ తీసుకుని వేరే బడికి పోయినవాళ్లు కాక, ఎంతమంది పదో తరగతి దాటారు? లెక్కల టీచరు పోస్టు ఎన్ని నెలలు ఖాళీగా ఉంది? తప్పినవాళ్లలో ఎందరిని సప్లిమెంటరీకి కూర్చోబెట్టారు? ఈ ప్రశ్నలు అడిగాకే ఏ బడి మెరుగో చెప్పాలి. ఒక్క పిల్లాణ్ణీ వదులుకోని బడి 70 శాతం దగ్గర ఆగినా, నా లెక్కలో మొదటి శాలువా దానిదే.