‘మా’ అన్న మాట పరిధి: గోదావరి సీమ దళిత సాహిత్యంలో అధికార ప్రాతినిధ్యం

జాతీయోద్యమ సాహిత్య చరిత్రలో గరిమెళ్ళ సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్లదొరతనము’ గేయానికి ఉన్న స్థానం నిర్వివాదమైనది. ఉపాధ్యాయ శిక్షణ నిమిత్తం రాజమహేంద్రవరం వచ్చిన ఈ కవి ఆ గేయం కారణంగా 1922లో కారాగారవాసం అనుభవించాడు. అదే రాజమహేంద్రవరానికి చెందిన కుసుమ ధర్మన్న అదే వరుసలో ‘మాకొద్దీ నల్లదొరతనము’ రచించాడు. రెండూ 1921 ప్రాంతంలో పుట్టినవే. అయితే మొదటిది పాఠ్యగ్రంథాలకెక్కింది. రెండవది చాలాకాలం మొదటిదానికి అనుకరణగానో, అస్పృశ్యతా నిరసన గేయంగానో ప్రస్తావన మాత్రానికి పరిమితమైంది. దళిత సాహిత్యోద్యమం బలపడిన తరువాతనే దానిపై తగిన దృష్టి పడింది. అప్పుడు కూడా అందులోని సామాజిక వేదనకు లభించిన ప్రాధాన్యం దాని రాజకీయ ప్రతిపాదనకు లభించలేదు. వేదనతో పాటు, రాబోయే ప్రభుత్వంలో ఎవరుంటారన్న ప్రశ్న ఆ గేయానికి మూలాధారమని నిరూపించడం, ఆ ప్రశ్నకు బోయి భీమన్న ‘పాలేరు’ నాటకం ఇచ్చిన సమాధానాన్ని పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం.

దొరతనము: పాలనా, పెత్తనమా?

ధర్మన్న గేయ శీర్షికలో కీలకపదం ‘దొరతనము’. పందొమ్మిదవ శతాబ్ది తెలుగులో ‘దొరతనమువారు’ అంటే ప్రభుత్వంవారు. యజమాని పెత్తనానికీ రాజ్యపాలనకూ భాష ఒకే మాటను వాడుకుంది. గరిమెళ్ళ శీర్షికలో ఈ పదానికి పాలన అన్న అర్థం ముందుకు వస్తుంది. ధర్మన్న ‘తెల్ల’ను తొలగించి ‘నల్ల’ను చేర్చగానే దాగి ఉన్న రెండవ అర్థం బయటపడుతుంది. విశేషణం మారినా విశేష్యం మారలేదు. దొర రంగు మారినంత మాత్రాన దొరతనం పోదన్న వాదం ఆ ఒక్క పదమార్పులోనే పూర్తయింది.

శీర్షికలోని ‘ఈ’ కూడా ఉపేక్షించదగినది కాదు. పేటలో నివసించే వ్యవసాయ కూలీకి తెల్లదొర అరుదుగా కనిపించేవాడు. భూస్వామి, కరణం, మునసబు నిత్యం ఎదురయ్యేవారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత డెల్టా భూములు మాగాణి అయ్యాయి. వాటి ఫలం మాత్రం ప్రధానంగా భూమి ఉన్నవారికే దక్కింది. గ్రామాధికారం వంశపారంపర్యం. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పద్ధతి 1984 వరకు రద్దు కాలేదు. కాబట్టి ‘ఈ’ అన్న సామీప్యసూచకం గరిమెళ్ళ గేయంలో కంటె ధర్మన్న గేయంలోనే అక్షరాలా అన్వయిస్తుంది.

‘మేము’, ‘మనము’

తెలుగులో ఉత్తమపురుష బహువచనానికి రెండు రూపాలున్నాయి. ‘మనము’ శ్రోతను కలుపుకుంటుంది. ‘మేము’ శ్రోతను వెలుపల నిలుపుతుంది. గరిమెళ్ళ ‘మా’ వెలుపల ఉంచినది ఆంగ్ల ప్రభువును. ఊరేగింపులో పాడేవారూ వినేవారూ అందరూ ఆ ‘మా’లో భాగమేనన్నది ఆ గేయపు ఊహ. ధర్మన్న అదే ‘మా’ను తీసుకొని ఆ ఊహను పరీక్షకు పెట్టాడు. ఇక్కడ వెలుపల నిలిచినది సాటి భారతీయుడే. నిన్నటి ఊరేగింపులో పక్కన నడిచినవాడు నేడు శ్రోత స్థానంలోకి జరిగాడు. జాతీయవాదం అందరి పేరిట పలికిన ‘మా’లో తాము ఎన్నడూ లేమని ఆ సర్వనామం ప్రకటించింది.

దీనినిబట్టి ధర్మన్న ఆంగ్లపాలనను సమర్థించాడని భావించడం పొరపాటు. శీర్షిక ‘నల్లదొరతనము’ వద్దంటున్నది గాని ‘తెల్లదొరతనము’ కావాలనడం లేదు. రచనాకాలం ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. 1919 చట్టం ప్రకారం మద్రాసు శాసనమండలికి 1920లో ఎన్నికలు జరిగాయి. ఓటుహక్కు ఆస్తితో, పన్నుతో ముడిపడి ఉండడంతో భూమిలేని కూలీలకు అది అందలేదు. అణగారిన వర్గాలవారు నామినేషన్ ద్వారానే మండలిలో ప్రవేశించవలసి వచ్చింది. 1921లోనే ప్రభుత్వోద్యోగాలలో వివిధ సామాజిక వర్గాల ప్రాతినిధ్యానికి సంబంధించిన ఉత్తర్వు వెలువడింది. అంతకు ముందు 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభ ‘పంచమ’ పదాన్ని కాదని ‘ఆది ఆంధ్ర’ నామాన్ని ముందుకు తెచ్చింది. అధికారం భారతీయుల చేతికి కొద్దికొద్దిగా వస్తున్న వేళ, ఆ భారతీయులెవరన్న ప్రశ్న అకాలమైనది కాదు, సకాలమైనది.

పాలేరు కుర్చీ ఎక్కిన కథ

ధర్మన్న ప్రశ్న సామూహికమైనది. రెండు దశాబ్దాల తరువాత భీమన్న ‘పాలేరు’ నాటకం దానికి వ్యక్తిరూపం ఇచ్చింది. కోనసీమలోని మామిడికుదురులో 1911లో జన్మించిన భీమన్న, డెల్టా వ్యవసాయానికి ఆధారమైన పాలేరునే నాయకుణ్ణి చేశాడు. ఆ పాలేరు చదువుకొని డిప్యూటీ కలెక్టరు అవుతాడు. ఆ కాలపు తెలుగు రంగస్థలంపై రాజులకూ దేవతలకూ కొరత లేదు. అధికారిగా ఎదిగిన పాలేరు అక్కడ కొత్తవాడు. తన వంటివాడు ప్రభుత్వ పీఠంపై కూర్చున్న దృశ్యం పేటలోని ప్రేక్షకుడికి ఒక సాధ్యతను చూపింది. నాటకానికి లభించిన విశేష ప్రజాదరణకు ఇదే ముఖ్యకారణం.

అయితే ఈ పరిష్కారానికి పరిమితి ఉంది. డిప్యూటీ కలెక్టరు శాసనాన్ని అమలు చేసేవాడే గాని నిర్మించేవాడు కాడు. ఆ ఉద్యోగం తెల్లదొరతనం ఏర్పరచినదే. పాలేరు ఆ కుర్చీ ఎక్కినప్పుడు కుర్చీ స్వభావం మారుతుందా, పాలేరే మారిపోతాడా అన్న సంశయం సహజం. ధర్మన్న నిరసించినది దొరతనాన్ని. భీమన్న నాయకుడు అందుకున్నది దొరతనంలో చోటును. ఈ దృష్టితో మొదటిది వ్యవస్థా విమర్శ అనీ, రెండవది వ్యక్తి విజయగాథ అనీ విభజించడం సులభం.

ఆ విభజన మాత్రం సంపూర్ణం కాదు. నాయకుడు అధికారి అయినా భీమన్న నాటకం పేరు ‘పాలేరు’గానే నిలిచింది. పదవి పేరును కాక పుట్టుకతో అంటిన పనిపేరును శీర్షికగా నిలపడంలో అధికారి తన మూలానికి జవాబుదారి అన్న సూచన ఉంది. ప్రాతినిధ్యంలో రెండు అంశాలున్నాయి: ఒక వర్గానికి చెందినవాడు పీఠంపై ఉండడం, ఆ వర్గం పక్షాన ఆ పీఠం పనిచేయడం. ‘పాలేరు’ మొదటిదాన్ని కథగా చూపి, రెండవదాన్ని శీర్షికలో గుర్తుచేసింది. ‘నల్లదొరతనము’ రెండవది లేని మొదటిది నిష్ఫలమని ముందే హెచ్చరించింది. కాబట్టి ఈ రెండు రచనలూ పరస్పర విరుద్ధాలు కావు. ఒకదాని లోపాన్ని మరొకటి పూరిస్తున్నాయి.

‘మా’ లోపలి ‘మా’

తరువాతి చరిత్ర ఈ ప్రశ్నను ముగించలేదు. 1932 పూనా ఒడంబడిక ఫలితంగా మద్రాసు శాసనసభలోని 215 స్థానాలలో 30 షెడ్యూల్డు కులాలకు ప్రత్యేకించబడ్డాయి. 1960లో దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యాడు. 1998లో అమలాపురం నియోజకవర్గపు జి.ఎం.సి. బాలయోగి లోక్‌సభ సభాపతి పీఠాన్ని అధిష్ఠించిన తొలి దళితుడయ్యాడు. 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలలో షెడ్యూల్డు కులాలకు, తెగలకు, స్త్రీలకు స్థానాలు కల్పించింది. భీమన్న కల్పన అనేక రూపాలలో వాస్తవమైంది. అయినా ధర్మన్న సర్వనామం నిలకడగా ఉండలేదు. దండోరా ఉద్యమం దళితుల ‘మా’లో తమ వాటా ఎంతని అడిగింది. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’ దళిత స్త్రీల స్వరాన్ని వేరుగా వినిపించింది. ఈ పరిణామాలను చీలికలుగా చూసే విమర్శకులు, గరిమెళ్ళ ‘మా’ను ధర్మన్న ప్రశ్నించిన పద్ధతినే అవి కొనసాగిస్తున్నాయని గుర్తించవలసి ఉంది. అందరి పేరిట మాట్లాడే ప్రతి గొంతునూ అందులో ఎవరు లేరని అడగడమే ఆ పద్ధతి.

కనుక ‘మాకొద్దీ నల్లదొరతనము’ను జాతీయోద్యమ గేయాల అనుబంధంగా కాక, తెలుగులో ప్రజాస్వామ్య ప్రాతినిధ్య చర్చకు తొలి రచనలలో ఒకటిగా పరిగణించడం సముచితం. రెండు దొరతనాల గేయాలనూ విడివిడిగా బోధించినంత కాలం ఒకటి దేశభక్తిగా, మరొకటి ఫిర్యాదుగా మిగులుతాయి. పక్కపక్కన నిలిపి చదివినప్పుడు మాత్రమే స్వరాజ్యం ఎవరిదన్న చర్చ గోదావరి ఒడ్డున స్వరాజ్యం కంటె పాతికేళ్ళు ముందే మొదలైందని విద్యార్థికి తెలుస్తుంది.