గీతలు పోగొట్టే చేతులు

మహానందికి పూజకు వచ్చిన కొత్త నల్ల కారును రెండేళ్లు పోయాక నంద్యాల ఎండలో చూడండి. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సన్నటి గీతలు గుండ్రంగా తేలతాయి. పొడిగుడ్డతో దుమ్ము తుడిచిన గుర్తులవి.

వాటిని పోగొట్టే పనివాడంటే నాకు ఎనలేని గౌరవం. గీతలు చాలావరకు ఉండేది రంగులో కాదు, దానిమీది పారదర్శక పూతలో, అంటే క్లియర్ కోట్‌లో. దాని మందం సుమారు 40, 50 మైక్రాన్లు. అందులో రెండు మూడు మైక్రాన్లే అరగదీయాలి. ముందు కారు కడిగి, క్లే ముక్కతో రుద్ది, అంటుకున్న మట్టి తీస్తాడు. పూత పలచగా ఉండే అంచులకు టేపు వేస్తాడు. ఆ తర్వాతే పాలిషింగ్ మెషిన్‌కున్న ఫోమ్ ప్యాడ్ మీద, పూతను అరగదీసే కాంపౌండ్ చుక్కలు. మెషిన్‌ను ఒకేచోట ఆగనివ్వడు; ఆగితే వేడికి పూత కాలిపోతుంది. మధ్యమధ్య అరచేత్తో తాకి వేడి చూసుకుంటాడు. ఆళ్లగడ్డ శిల్పి విగ్రహాన్ని ముతక రాపిడితో మొదలుపెట్టి నున్నటిదానితో ముగించినట్టే, కాంపౌండ్ తర్వాత మెత్తటి పాలిష్. చివర లైటు వేసి, ఒంగి, పక్కనుంచి చూస్తాడు.

మైనం పూసి గీతలు కప్పిపుచ్చేవాళ్లూ ఉన్నారు. నాలుగు వానలకే అవి బయటపడతాయి. అది పని కాదు.

కారున్నవాళ్లకు ఒక్క మాట: దుమ్ము మీద పొడిగుడ్డ వేయకండి, ముందు నీళ్లు పోయండి.