ప్యాకెట్ జాడ పట్టే పనితనం

టాటానగర్‌లో, అంటే జంషెడ్‌పూర్‌లో, తెలుగువాళ్ళ కథ ఉక్కుతో మొదలైంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కర్మాగారం పనికి వచ్చిన కుటుంబాల మూడో తరం, నాలుగో తరం పిల్లలు ఇప్పుడు కంప్యూటర్ల దారి పట్టారు. 1960లో రీజనల్ ఇన్‌స్టిట్యూట్‌గా పుట్టి 2002లో ఎన్‌ఐటీ అయిన కాలేజీ పక్కనే ఆదిత్యపూర్‌లో ఉంది. కర్మాగారమూ మారింది. జంషెడ్‌పూర్ ప్లాంటు డిజిటల్ పద్ధతుల్ని మెచ్చి వరల్డ్ ఎకనామిక్ ఫోరం 2021లో దాన్ని తన ‘లైట్‌హౌస్’ల జాబితాలో చేర్చింది. వెనకటి మేస్త్రీలు నీలి అద్దంలోంచి మంట రంగు చూసి కొలిమి లోపలి సంగతి చెప్పేవారు. ఎర్రర్‌లోని ఒక్క మాట చూసి ప్యాకెట్ ఎక్కడ ఆగిందో చెప్పగలవాళ్ళు ఈ కాలానికీ ఉన్నారు. వాళ్ళ విద్యకు దక్కాల్సిన గౌరవం మాత్రం దక్కడం లేదు.

కంటైనర్లను క్లస్టర్‌గా నడిపించే కుబెర్నెటీస్‌ను గూగుల్ 2014లో లోకానికి విడిచిపెట్టింది. దాన్ని సొంత ల్యాప్‌టాప్‌లోనే నడిపి నేర్చుకోవడానికి మినీక్యూబ్, కైండ్, కే3ఎస్ పనికొస్తాయి. క్లస్టర్ లేస్తుంది, పాడ్లన్నీ ‘రన్నింగ్’ అంటాయి, బ్రౌజర్‌లో మాత్రం పేజీ రాదు. పనివాడి అసలు పని అక్కడే మొదలవుతుంది.

చేయి తిరిగినవాడు ముందు ఎర్రర్‌ను చదువుతాడు. ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అంటే అవతల ఎవరో ఒకరు కాదని జవాబిచ్చారు. ‘టైమౌట్’ అంటే జవాబే లేదు; ప్యాకెట్ దారిలో ఎక్కడో మాయమైంది, లేదా దాని జవాబు తిరిగి రాలేదు. మొదటిది వస్తే పోర్టులు, ఎండ్‌పాయింట్లు చూడాలి. రెండోది వస్తే ఫైర్‌వాల్, నెట్‌వర్క్ పాలసీ, రూటింగ్ చూడాలి. ఇందులోనూ ఒక మెలిక ఉంది. సర్వీస్ వెనక ఒక్క పాడ్ కూడా సిద్ధంగా లేకపోతే కుబ్-ప్రాక్సీ తానే తిరస్కరిస్తుంది. అప్పుడూ తెర మీద ‘రిఫ్యూజ్డ్’ అనే కనిపిస్తుంది. అందుకే తెలిసినవాళ్ళు ఇంకేదీ ముట్టుకోకముందే సర్వీస్ ఎండ్‌పాయింట్ల జాబితా తెరుస్తారు. అది ఖాళీగా ఉంటే సెలెక్టర్‌లో రాసిన లేబుల్‌కూ పాడ్ మీది లేబుల్‌కూ పొంతన లేదన్నమాట, లేదా పాడ్ రెడీనెస్ పరీక్ష దాటలేదన్నమాట. సగం గొడవలు ఇక్కడే తీరిపోతాయి.

తర్వాతి నడక లోపలి నుంచి బయటికి. ముందు పాడ్ లోపలే కర్ల్ కొట్టాలి. తర్వాత పక్క పాడ్ నుంచి ఈ పాడ్ ఐపీకి, ఆపైన సర్వీస్ ఐపీకి, ఆపైన సర్వీస్ పేరుతో. చివరికి నోడ్, ఆ తర్వాతే ల్యాప్‌టాప్ బ్రౌజర్. ఏ మెట్టు దగ్గర జవాబు ఆగిందో ఆ మెట్టుకూ దాని కిందిదానికీ మధ్యే తప్పు. పాడ్‌లో కర్ల్ కూడా లేకపోతే దిగులు పడనక్కర్లేదు. 2022లో వచ్చిన 1.25 వెర్షన్‌తో ఎఫిమెరల్ కంటైనర్లు స్థిరపడ్డాయి. నికోలా కబర్ తయారుచేసిన ‘నెట్‌షూట్’ ఇమేజ్‌ను నడుస్తున్న పాడ్‌కు తగిలిస్తే నెట్‌వర్క్ పనిముట్లన్నీ చేతికి వస్తాయి. ఆ మనిషికి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే!

పోర్ట్-ఫార్వర్డ్ దగ్గర పెద్దపెద్దవాళ్ళూ బోల్తా పడతారు. అప్లికేషన్ 0.0.0.0 మీద కాకుండా 127.0.0.1 మీద మాత్రమే వింటోందనుకుందాం. పోర్ట్-ఫార్వర్డ్ పాడ్ లోపలికే వెళ్ళి అక్కడి లోకల్‌హోస్ట్‌ను తడుతుంది కాబట్టి పేజీ చక్కగా తెరుచుకుంటుంది. సర్వీస్ ద్వారా వెళ్తే మాత్రం తిరస్కారమే. ‘పోర్ట్-ఫార్వర్డ్‌తో వస్తోంది, కాబట్టి అప్లికేషన్ బాగానే ఉంది, తప్పు కుబెర్నెటీస్‌దే’ అని తీర్పు చెప్పేవాళ్ళు వీధికి పదిమంది. పింగ్‌తో సర్వీస్ ఐపీని తట్టి, పలకలేదని సర్వీస్ చచ్చిపోయిందనేవాళ్ళు ఇంకో పదిమంది. ఐపీటేబుల్స్ పద్ధతిలో ఆ ఐపీ ఏ కార్డుకూ కట్టింది కాదు. చెప్పిన పోర్టుకు వచ్చిన ప్యాకెట్లకు చిరునామా మార్చి పంపడమే అక్కడ జరిగే పని. పింగ్‌కు పలికేవాడు అక్కడ ఎవడూ ఉండడు.

ల్యాప్‌టాప్ క్లస్టర్ల చిక్కులు వేరే. మ్యాక్ మీద డాకర్ ఒక లైనక్స్ వీఎంలో దాక్కుని నడుస్తుంది. కాబట్టి మినీక్యూబ్ నోడ్ ఐపీకి, 30000 నుంచి 32767 వరకు ఉండే నోడ్‌పోర్టుల్లో ఏది చేర్చి తట్టినా ఫలితం ఉండదు. ‘మినీక్యూబ్ సర్వీస్’ ఆదేశంతో టన్నెల్ తెరవాలి. కైండ్‌లో పోర్ట్ మ్యాపింగ్‌ను క్లస్టర్ కట్టేటప్పుడే రాయాలి, తర్వాత చేర్చడానికి వీల్లేదు. లోడ్‌బాలెన్సర్ సర్వీస్ ‘పెండింగ్’ అని కూర్చుంటే అది రోగం కాదు, ఐపీ ఇచ్చే క్లౌడ్ అక్కడ లేదంతే. మెటల్‌ఎల్‌బీ పెడితే ఐపీ వస్తుంది. కే3ఎస్ అయితే ఆ ఏర్పాటు తనతోనే తెచ్చుకుంటుంది. ఈ విషయంలో కే3ఎస్ పక్షం వహించడానికి మొహమాటం అక్కర్లేదు.

ఈ విద్యకు పూర్వులున్నారు. మైక్ మూస్ 1983 డిసెంబరులో పింగ్ రాశాడు, అదీ ఒక్క రాత్రిలోనే అంటారు. వాన్ జేకబ్‌సన్ బృందం 1988లో టీసీపీడంప్ ఇచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా దాన్ని మించిన సాక్షి పుట్టలేదు. రంగురంగుల డాష్‌బోర్డులు ఎన్ని వచ్చినా ప్యాకెట్ వచ్చిందా లేదా అన్న ప్రశ్నకు తిరుగులేని జవాబు దానిదే. ఇక మార్టినాస్ పుంపుటిస్ చేసిన పని ఒక్కటి చాలు ఈ పనితనం ఎంత లోతుకు పోగలదో చెప్పడానికి. క్లస్టర్లలో అప్పుడప్పుడు పేరు వెతకడానికి సరిగ్గా 5 సెకన్లు పడుతోందని లోకమంతా విసుక్కుంది. ఐపీవీ4, ఐపీవీ6 చిరునామాల కోసం ఒకే సాకెట్ నుంచి రెండు ప్రశ్నలు ఒకేసారి బయల్దేరడం, కెర్నెల్‌లోని కాన్‌ట్రాక్ పట్టికలో అవి రెండూ ఢీకొనడం, ఒకటి రాలిపోవడం అతను తేల్చి చూపాడు. రాలిన ప్రశ్నను మళ్ళీ అడగడానికి రిజాల్వర్ ఆగే సమయమే ఆ 5 సెకన్లు. చూపి ఊరుకోలేదు, లైనక్స్ కెర్నెల్‌కే దిద్దుబాట్లు పంపాడు.

అలాంటి చేతుల పక్కన ఇప్పటి చిల్లర చిట్కాలు చూస్తే ఒళ్ళు మండుతుంది. ‘ఫైర్‌వాల్ ఆపేయండి’, ‘పాడ్ డిలీట్ చేయండి’, ‘క్లస్టర్ తీసేసి మళ్ళీ కట్టండి’. పని జరిగితే ఎందుకు జరిగిందో తెలీదు, జరగకపోతే సాక్ష్యం కూడా పోతుంది. ఉబుంటు ల్యాప్‌టాప్ మీద చేత్తో కట్టిన క్లస్టర్‌లో కోర్‌డీఎన్‌ఎస్ పదేపదే పడిపోతుంటే, కాన్ఫిగరేషన్‌లో ‘లూప్’ అన్న వరుస చెరిపేయమంటారు! కోర్‌డీఎన్‌ఎస్ 127.0.0.53కు పంపిన ప్రశ్న తిరిగి తన దగ్గరికే వస్తోందని కనిపెట్టేది ఆ వరుసే. దాన్ని చెరిపితే తిరుగుడు అలాగే ఉంటుంది, పట్టిచ్చే కాపలా పోతుంది. అసలు రిజాల్వర్ ఫైలు ఎక్కడుందో కుబ్‌లెట్‌కు చెప్పడమే సరైన మందు. చాట్‌బాట్ ఇచ్చిన ఆదేశాలను చదవకుండా అతికించడం ఈ జాడ్యాన్ని ఇంకా పెంచింది.

కాలేజీలకూ ఇందులో వాటా ఉంది. ఓఎస్‌ఐ ఏడు పొరల పేర్లు పరీక్షలో అప్పజెప్పించుకుంటారు, టీసీపీడంప్ ఒక్కసారి చేతికివ్వరు. కుబ్‌కాన్ 2025 ఆగస్టులో హైదరాబాద్‌కే వచ్చింది; సర్టిఫికెట్ల సంత ఊరూరా ఉంది; కరువల్లా చేయిపట్టి నేర్పే గురువులకే. ఆదిత్యపూర్‌లోనైనా, అమీర్‌పేటలోనైనా పాఠం చెప్పేవారు ఈ ఏడాది ఒక్క ల్యాబ్ మార్చి చూడాలి. పనిచేసే క్లస్టర్‌ను పిల్లల చేతికివ్వొద్దు. లేబుల్‌లో ఒక్క అక్షరం మార్చి, అప్లికేషన్‌ను 127.0.0.1కు కట్టి, టార్గెట్ పోర్ట్ తప్పు రాసి, చెడగొట్టిన క్లస్టర్‌ను ఇవ్వాలి. డిలీట్ ఆదేశం నిషేధించాలి. ఎక్కడ తెగిందో సాక్ష్యంతో రాసినవాళ్ళకే మార్కులు వేయాలి.