పణ్యము – పాణ్యము

పణధాతువునకు ధాతుపాఠమునందు రెండర్థములు చెప్పఁబడినవి: ఒకటి వ్యవహారము, అనఁగా క్రయవిక్రయము, రెండవది స్తుతి. వంకాయలు బేరమాడుటకును వాసుదేవుని కొనియాడుటకును ఒక్క ధాతువే చాలినదనఁగా విద్యార్థులకు నవ్వు వచ్చుట సహజము. కాని పాణిని యీ రెండర్థములను కలసిపోనీయలేదు. అష్టాధ్యాయి 3.1.101 సూత్రమున, అమ్మఁదగినదను నర్థమందు మాత్రమే పణ్యమను రూపమును నిపాతనముచే సాధించెను. తక్కినచోట ణ్యత్ప్రత్యయము వచ్చి, ఉపధకు వృద్ధి కలిగి, పాణ్యమగును. పణ్యమగు గోవు సంతకు తోలఁబడునది. పాణ్యమన్నచో స్తుతింపఁదగినదని భట్టోజిదీక్షితుఁడు వివరించెను. ఆఖ్యాతమునందును భేదమున్నది. స్తుతించువానియెడ పణాయతి, బేరమాడువానియెడ పణతే. అంగడికిని గుడికిని నడుమ శబ్దశాస్త్రము కట్టిన గోడ ఒక్క దీర్ఘము.

నేఁటి కాలమున ఆ దీర్ఘమును చెఱుపుటయే వృత్తిగాఁ గలవారు పెక్కండ్రు. ధ్యానము తరగతులుగాను, తరగతులు శ్రేణులుగాను విభజింపఁబడి, ఒక్కొక్క శ్రేణికి ఒక్కొక్క రుసుము నిర్ణయింపఁబడుచున్నది. ప్రార్థనచే వ్యాధులు కుదుర్తుమని సభలు జరుగుచున్నవి. రక్షరేకులు, యంత్రములు, రుద్రాక్షలు దూరదర్శనయంత్రములలో ప్రకటింపఁబడి ఇల్లు చేరుచున్నవి. దీనిని విమర్శించువారు సాధారణముగా రెండు తెగలు. ధనము తాఁకినంతనే ధర్మము చెడినదని యొక తెగ. ధర్మమంతయు మొదటినుండి వర్తకమే యని రెండవ తెగ. మొదటివారు ఊరి యర్చకుని దక్షిణను కూడ దోషమందురు. రెండవవారు దోషమును దోషమని చెప్పుటకు తగిన మాటనే పోఁగొట్టుకొందురు. ఈ యిరువురికంటె సూక్ష్మమైన కొలత ప్రాచీనగ్రంథములలో నున్నది. వేర్వేఱు కాలములయందు వేర్వేఱు శాస్త్రములు వ్రాసినవారు ఆ కొలతకు పణ్యమను నీ యొక్క మాటనే వాడుట విశేషము.

మొదటిది వ్యాకరణము. ప్రతికృతిని చెప్పవలసినపుడు 5.3.96 సూత్రముచే కన్ప్రత్యయము వచ్చును, గుఱ్ఱపుబొమ్మ అశ్వకము. ఈ ప్రత్యయమునకు లోపము చెప్పు సూత్రములలో 5.3.99 జీవనోపాధియై యుండియు అమ్మకమునకు కానట్టి విగ్రహమును గూర్చినది. అట్టి విగ్రహము శివకము కాదు, శివుఁడే. కాశికావృత్తి దీనికి దేవలకుల జీవికకైన దేవప్రతిమలను పేర్కొని, ప్రత్యుదాహరణముగా అమ్ముడుపోవు ఏనుఁగుబొమ్మలను చూపినది. కైయటుఁడు ఇల్లిల్లు త్రిప్పఁబడు విగ్రహములని స్పష్టపఱచెను. తెలుఁగుపల్లెలలో దేవతపెట్టెను తలకెత్తుకొని వాకిట నిలుచు భిక్షుకులను చూచినవారికి ఈ వ్యాఖ్యకు మఱియొక వ్యాఖ్య యక్కఱలేదు. ఇల్లాలు చేటలో బియ్యము తెచ్చి పోయును. ఎంత యని అతఁడు అడుగఁడు. ఏమి ఫలమని ఆమె అడుగదు. జీవిక జరిగినది, విక్రయము జరుగలేదు. సూత్రకారుని దృష్టిలో ఈ రెండును ఒకటియే యైనచో రెండు పదములలో నొకటి వ్యర్థమగును. అర్ధమాత్ర తగ్గినందుకే పుత్రోత్సవము చేసికొను వైయాకరణులు వ్యర్థపదమును సహింపరు.

మనువు ఇంత యుదారుఁడు కాఁడు. మూఁడవ యధ్యాయము 152వ శ్లోకమున, శ్రాద్ధమునకు పిలువఁదగనివారిలో చికిత్సకుని, దేవలకుని, మాంసవిక్రయిని, అంగడివలన బ్రదుకువానిని ఒక్క వరుసను నిలిపెను. ఊరికి అక్కఱయైన వైద్యుని, అర్చకుని ఇట్లు పంక్తినుండి లేపుట అన్యాయమనియే చెప్పవలెను. అయినను ఆ వరుసను కూర్చినవాని శంక యేమో ఊహింపవచ్చును. వైద్యునియొద్దకును వేల్పునొద్దకును జనులు వచ్చునది భయముతో. చీరకొనవచ్చినది ధర నచ్చకున్న లేచి పోవును. మంచముపట్టిన బిడ్డకై వచ్చిన తల్లి లేచి పోఁజాలదు. భయముతో వచ్చినవానికి బేరమాడు శక్తి లేదు. బేరము లేని విక్రయము విక్రయముకంటెను హీనము.

చరకుఁడు ఈ విషయమున మనువుకంటె లోతునకు దిగెను. అతఁడు దైవమును త్రోసివేసినవాఁడు కాఁడు. సూత్రస్థానము పదునొకండవ యధ్యాయమున ఔషధమును మూఁడు విధములుగా విభజించి, దైవవ్యపాశ్రయమును మొదటఁ జెప్పెను; మంత్రము, మణి, హోమము, ఉపవాసము, ప్రణిపాతము మొదలగునవి దానిలోనివి. దాని వెంబడినే ఆహారౌషధయోజనమగు యుక్తివ్యపాశ్రయము, మనోనిగ్రహరూపమగు సత్త్వావజయము చెప్పఁబడినవి. మూఁడును ఒక్క రోగికే. కావుననే ప్రార్థనచేయు రోగిని చూచి చరకుని యనుయాయి నవ్వఁడు. ప్రార్థనకై మందు మానినవానిని చూచి యూరకుండఁడు. ఇట్టి చరకుఁడే చికిత్సాస్థానము ప్రథమాధ్యాయమందలి రసాయనప్రకరణము చివర, చికిత్సను పణ్యముగాఁ జేసి విక్రయించి బ్రదుకువారిని గూర్చి, బంగారురాశిని విడిచి దుమ్మురాశిని సేవించువారని నిందించెను. ఇచట గమనింపవలసినది, నింద మంత్రమునకు గాని మందునకు గాని చెందలేదు. రెంటిలో దేనిని అమ్మినను అదియే నింద.

నేఁటి విశ్వాసచికిత్సకులు చేసినదేమనఁగా, మూఁటిలో మొదటిదానిని తక్కిన రెంటినుండి విడఁదీసి, విడిగా ధరకట్టుట. ఫలము కొన్నిచోట్ల ఎంత దారుణమైనదో 2001 ఆగస్టు 6వ తేదిని తమిళనాటి ఏర్వాడిలో తెలియవచ్చినది. అచటి దర్గాను నమ్మి మనోవ్యాధిగ్రస్తులను బంధువులు తీసికొనివచ్చుట చిరకాలాచారము. దర్గా చుట్టును ధనము గైకొని రోగుల నుంచుకొను ప్రైవేటు గృహములు వెలసినవి. అట్టి యొకదానిలో వేకువజామున నిప్పంటుకొనఁగా, గొలుసులతో కట్టఁబడియున్న రోగులు 28 మంది కదలలేక మరణించిరి. సుప్రీంకోర్టు తనంతట తానే ఆ విషయమును విచారణకు గైకొన్నది. ఆ మరణములకు దర్గాయందలి భక్తిని కారణముగాఁ జెప్పుట తొందరపాటు. భక్తి యచటికి తెచ్చినది. గొలుసు వేసినది వేఱొకటి.

కౌటిల్యుని యర్థశాస్త్రము ఈ వ్యాపారపు లోగుట్టును దాఁపఱికము లేక చెప్పినది. ఐదవ యధికరణము ద్వితీయాధ్యాయమున, బొక్కసము వట్టిపోయిన రాజు ధనము కూర్చుకొను తెఱఁగులు కలవు: రాత్రికి రాత్రి దేవతాస్థానము వెలసినదని చాటి జాతరలు జరిపి ఆదాయము పొందుట, చెట్టుమీఁద రక్కసుఁడున్నాఁడని పౌరులను భయపెట్టి శాంతికై ధనము రాఁబట్టుట, నూతిలో పెక్కుతలల పామును చూపి కానుకలు గ్రహించుట. ప్రకరణాంతమున, ఇట్టివి ద్రోహులును అధార్మికులునగువారియెడనే చేయవలెను గాని యితరులయెడఁ గాదని కట్టడి చేసెను. మొదటి యధికరణమున తాపసవేషధారియగు గూఢచారి వర్ణింపఁబడినాఁడు. శిష్యులు అతనిని సిద్ధుఁడని ఊరంతయు చాటుదురు. దర్శనమునకు వచ్చినవారి యింటిగుట్టులను అతఁడు వారి యాకారచేష్టలవలనను శిష్యులు చేయు సైగలవలనను గ్రహించి, దివ్యజ్ఞానమువలె చెప్పును.

1986వ సంవత్సరమున అమెరికాలో పీటర్ పోపాఫ్ అను ప్రార్థనాచికిత్సకుఁడు సభలోని యపరిచితులను పేరుపెట్టి పిలిచి, వారి రోగములను, ఇంటి చిరునామాలను చెప్పి ఆశ్చర్యపఱచుచుండెను. జేమ్స్ రాండి యను నింద్రజాలికుఁడు రేడియోగ్రాహకముతో పరిశోధింపఁగా, సభకుముందు జనులు వ్రాసియిచ్చిన చీట్లలోని సంగతులను అతని భార్య తెరవెనుకనుండి చదువుచుండఁగా, అతఁడు చెవిలోని చిన్నయంత్రమున వినుచుండెనని తేలినది. మఱుసటి యేఁట అతఁడు దివాలా తీసెను. శిష్యసంజ్ఞ విద్యుత్తరంగమైనది; అంతకుమించిన క్రొత్తదనము లేదు. కౌటిల్యుని తాపసుఁడు రాజునకు వార్తలు చేర్చుటకై నటించెను, పోపాఫ్ వేదికమీఁద చందాలకై నటించెను, అంతియే భేదము. కౌటిల్యుఁడు పెట్టిన హద్దుకూడ రెండవవానికి లేకపోయినది.

ఇచట కాళిదాసు మాట యొకటి తలఁపునకు వచ్చును. మాళవికాగ్నిమిత్ర ప్రథమాంకమున నాట్యాచార్యుల కలహసందర్భమున, విద్యను కేవలము జీవికకే వినియోగించువానిని జ్ఞానమును పణ్యముగాఁ గల వర్తకుఁడని చెప్పించెను. పండితులు తఱచుగా ఈ యంశమునే యుదాహరింతురు. అందలి మఱియొక విశేషణమును విడిచివేయుదురు: అట్టివాఁడు, ఉద్యోగము కుదిరినదిగదా యని వివాదమునకు జంకి, పరులనిందను సహించి యూరకుండును. జ్ఞానవర్తకుని గుర్తుపట్టుటకు కవి చూపిన లక్షణము ధనాశకంటె పరీక్షాభయమే. రాండి పరీక్షించునంతవఱకు పోపాఫ్ సభలకు కొఱఁత లేదు. పరీక్షకు నిలుచువాఁడు, దక్షిణ గైకొన్నను, కవి నిందకు పాత్రుఁడు కాఁడు. కాళిదాసు వాడిన కేవలశబ్దము పాణిని సూత్రమునకును మనుశ్లోకమునకును సంధి కుదుర్చుచున్నది.

భారతప్రభుత్వము 1954లో ఔషధముల, మాయోపచారముల అభ్యంతరకరప్రకటనలను గూర్చి యొక చట్టము చేసినది. తాయెత్తు, మంత్రము, కవచము మొదలగువానికి రోగము కుదుర్చు అద్భుతశక్తి కలదని ప్రకటించుటను అది నిషేధించుచున్నది. తాయెత్తు కట్టుకొనుటను నిషేధింపలేదు, నమ్ముటను నిషేధింపలేదు. చట్టము పట్టుకొన్నది స్తుతిని. పణధాతువు రెండర్థములు మరల కలసికొనుచోటు ప్రకటనయే యని శాసనకర్తలు వ్యాకరణము చదువకయే గ్రహించిరి. సరకును పొగడుటయే సరకు నమ్ముట. అయినను డెబ్బదియేండ్లకు పైఁబడిన యీ చట్టము కన్నులయెదుటనే యుండఁగా అట్టి ప్రకటనలు ఆగలేదు. మహారాష్ట్రమున నరేంద్ర దాభోల్కరు ఇట్టి వంచనలపై చట్టము కావలెనని యేండ్లతరబడి పోరాడి, 2013 ఆగస్టు 20వ తేదిని పుణెలో హత్యచేయఁబడిన తరువాతఁ గాని అచట చట్టము రాలేదు. కర్ణాటకమున 2017లో వచ్చినది.

యోగమునకు పట్టిన గతి వేఱు. బిక్రమ్ యోగమను పేర 26 ఆసనములను రెండు శ్వాసక్రియలను ఒక వరుసఁ గూర్చినవారు ఆ వరుస తమ సొత్తనియు ఇతరులు నేర్పరాదనియు వాదించిరి. 2015లో అమెరికా యప్పీలు న్యాయస్థానము ఆ వాదమును త్రోసివేసినది. వ్యాధులు పోఁగొట్టునని వారే చాటుకొన్నందున అది ఆరోగ్యపద్ధతి యగును గాని కావ్యమువలె గ్రంథస్వామ్యమునకు తగదని న్యాయస్థానము భావించినది. చేసికొన్న స్తుతియే వ్యవహారమునకు అడ్డమువచ్చిన దృష్టాంతము ఇంతకంటె దొరకదు.

తెలుఁగున ఈ విషయమును గూర్చి తగిన సాహిత్యసాక్ష్యము, వ్యావహారికమున వ్రాయఁబడినదని కొందఱు పండితులు దూరముంచిన కన్యాశుల్కమందే యున్నది. 1897లో వెలువడి 1909లో పెంచి వ్రాయఁబడిన ఆ నాటకమున గవరయ్య దయ్యమును సీసాలో బంధించినట్లు నటించును. చదువరులు హాస్యమునకు నవ్వి దాఁటిపోవుదురు. గురజాడ చూపినది పణ్యజన్మము. భయము గాలిలో నున్నంతసేపు దానిని అమ్ముట కష్టము. సీసాలో పోసి బిరడా బిగించిన పిమ్మట దానికి రూపము, పరిమాణము, చేతులు మాఱు యోగ్యత కలిగినవి. లుబ్ధావధానులవంటి పిసినిగొట్టు సైతము అట్టి సీసాయెదుట పట్టు సడలించును. లక్షణగ్రంథములు పణ్యమునకు చెప్పిన నిర్వచనములకు ఈ సీసా ఉదాహరణముగాఁ జేర్పఁదగినది.

తుదకు భాష్యకారునికడకు మరలవలెను. 5.3.99 సూత్రముపై పతంజలి యొక యాక్షేపమును లేవనెత్తెను: శివుఁడు, స్కందుఁడు, విశాఖుఁడు అను పేళ్లు ఎట్లు సిద్ధించును? మౌర్యులు బంగారము కోరి ఆ యర్చామూర్తులను కల్పించిరి గదా? మౌర్యులనఁగా అమ్ముటకై ప్రతిమలు చేయు శిల్పులని నాగేశుఁ డనెను. రాజవంశమే యని ఆధునికచరిత్రకారులు తలఁచుచున్నారు. అర్థశాస్త్రమందలి కోశప్రకరణమును ప్రక్కనుంచుకొని చదివినచో రెండవపక్షమునకే బలము హెచ్చు. సమాధానముగా పతంజలి, వారు కల్పించినవానియందు లోపము రాకపోవుఁగాక, సంప్రతి పూజకైనవానియందు వచ్చుననెను. కావున పణ్యత్వము శిలలో లేదు, ప్రయోజనములో నున్నది. ప్రయోజనము కాలముతో మాఱును. సేవల ధరలపట్టిక వ్రేలాడు నేఁటి దేవాలయమున చిక్కు ఇంకను గాఢమగుచున్నది. చీటి కొని వరుసలో నిలిచి, ఎదుటికి రాఁగానే కన్నులు చెమర్చిన వృద్ధురాలికి ఆ మూర్తి సంప్రతి శివుఁడే. పట్టిక వ్రాయించి యేఁటేఁట ధర పెంచువారికి శివకము. ఒక్క మూర్తికి ఒక్క గడియలో లోపమును లోపాభావమును రెండును ప్రాప్తించుచున్నవి. అట్లగుచో లోపము వికల్పమని చెప్పవలసివచ్చును. సూత్రమున వికల్పమును చెప్పు పదము లేదు.