రాత్రి చల్లదనాన్ని గోడల్లో దాచుకున్న ఊరు

ఇరాన్ నడిబొడ్డున, రెండు పెద్ద ఎడారుల మధ్య ఉన్న యజ్ద్ నగరం ఫొటో ఏది చూసినా అందులో బాద్‌గీర్ కనిపిస్తుంది. ఇంటి కప్పు మీద నిలబడి, పై భాగంలో నిలువు చీలికలున్న మట్టి బురుజు అది. గాలిని పట్టి కింది గదిలోకి దింపుతుంది. దాని అందానికి వంక పెట్టలేం. కానీ యజ్ద్ విద్య అంతా ఆ బురుజులోనే ఉందనుకుంటే, ఎడారి ఇంటి అసలు తెలివి మన కంటపడదు. అక్కడి మేస్త్రీల లెక్కలో బాద్‌గీర్ ఆఖరి మెట్టు. ముందు ఎండను ఆపాలి, రాత్రి చల్లదనాన్ని గోడల్లో నిలవ చెయ్యాలి, ఇంట్లోవాళ్లు ఎండను బట్టి చోటు మారాలి. ఇవన్నీ కుదిరాకే గాలి మాట.

కరవు సీమ అని మనం చెప్పుకునే అనంతపురంలో ఏడాదికి సగటున 500 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. యజ్ద్‌లో 60 పడితే గొప్ప. వేసవి పగలు 40 డిగ్రీలు. చలికాలం రాత్రుల్లో సున్నా కన్నా కిందికి దిగుతుంది. గాలిలో తేమ లేదు, పైన మబ్బు లేదు. అందుకే పొద్దు గూకగానే నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. పగటికీ రాత్రికీ 15 డిగ్రీల తేడా అక్కడ మామూలు. ఇల్లంతా నడిచేది ఆ తేడా మీదే.

కట్టుబడి నేలను తవ్వడంతో మొదలవుతుంది. చాలా ఇళ్లలో నడిమి వాకిలి వీధి మట్టం కన్నా కిందికి ఉంటుంది. తవ్విన మన్నే పచ్చి ఇటుకలై గోడగా లేస్తుంది. గోడల మీద మన్నూ గడ్డీ కలిపి తొక్కిన కాహ్‌గిల్ పూత వేస్తారు. అర మీటరు మందం మట్టిగోడను దాటి వేడి లోపలికి రావడానికి పది గంటలకు పైనే పడుతుంది. మధ్యాహ్నం గోడకు తగిలిన ఎండ గదిలోకి చేరేసరికి బయట రాత్రవుతుంది. అప్పుడు తలుపులు తెరిచి ఉంటాయి, చల్లగాలి ఆ వేడిని తోసేస్తుంది. తెల్లవారాక తలుపులు మూస్తే రాత్రి చల్లదనం గోడల్లోనే నిలిచి ఉంటుంది. ఇటుక గుమ్మటాల కప్పుల్లో పగలు చాలాసేపు ఏదో ఒక పక్క నీడలో ఉంటుంది. గది లోపలి వేడిగాలి గుమ్మటం కిందికి, మనిషి తల కన్నా బాగా ఎత్తుకు చేరుతుంది. వీధులూ అంతే: ఇరుకు సందులు, ఎత్తయిన గోడలు, అక్కడక్కడ సందు మీద సాబాత్ అనే కప్పు. బజారుకు నడిచే మనిషికి దారి పొడుగునా నీడ.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇంట్లోవాళ్లు చోటు మారడం. వాకిలికి దక్షిణాన ఉత్తరముఖంగా ఉండే గదులు వేసవి కోసం. ఉత్తరాన దక్షిణముఖంగా, వంగిన ఎండ లోపలికి పడేలా కట్టినవి చలికాలం కోసం. రుతువు మారితే కాపురం వాకిలి దాటి అవతలి పక్కకు మారుతుంది. వేసవి మధ్యాహ్నాలు భూమిలోపలి సర్దాబ్ గదిలో, సాయంత్రాలు దానిమ్మ చెట్టు పక్కన నీటి తొట్టి దగ్గర, రాత్రులు ఆరుబయట మేడ మీద. మన మిద్దెల మీద పడుకుని పెరిగినవాళ్లకు ఈ చివరి మాట వివరించక్కర్లేదు. మనిషి నాలుగడుగులు కదిలితే చాలు, ఇల్లంతా ఒకేలా చల్లబరచాల్సిన పని తప్పుతుంది.

ఇక బాద్‌గీర్. లోపల నిలువు అడ్డుగోడలు దాన్ని గొట్టాలుగా విడగొడతాయి. గాలి తగిలే వైపు గొట్టం గాలిని కిందికి తోస్తుంది, వెనకవైపు గొట్టం గదిలోని వేడిగాలిని పైకి లాగేస్తుంది. గాలి వీచని రోజున కూడా బురుజు ఊరకుండదు. రాత్రంతా చల్లబడిన బురుజు గోడలు పొద్దున లోపలి గాలిని చల్లబరుస్తాయి, బరువెక్కిన ఆ గాలి కిందికి దిగుతుంది. పగలంతా కాగిన అవే గోడలు రాత్రి గాలిని వేడెక్కించి పైకి పంపితే, వాకిలి నుంచి చల్లగాలి గదుల్లోకి వస్తుంది. మెహదీ బహదోరీ అనే ఇంజనీరు 1978లో సైంటిఫిక్ అమెరికన్‌లో రాసిన వ్యాసంతో ఈ పనితీరు ప్రపంచానికి బాగా తెలిసింది. ఊరిని బట్టి బురుజు మారుతుంది. యజ్ద్‌లో చాలావాటికి అన్నివైపులా చీలికలుంటాయి. ఇసుక గాలులు ఎక్కువగా ఉన్న అర్దకాన్‌లో మాత్రం ఒకవైపే తెరుస్తారు.

నీరు తోడైతే పని రెట్టింపవుతుంది. దౌలతాబాద్ తోటలోని 18వ శతాబ్దపు ఎనిమిది పలకల బాద్‌గీర్ ఎత్తు 33 మీటర్లకు పైనే. దాని అడుగున నీటి తొట్టి ఉంది. ఒక లీటరు నీరు ఆవిరయితే చుట్టూ ఉన్న గాలి నుంచి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడిని లాక్కుంటుంది. ఆ నీరు వచ్చేది ఖనాత్ నుంచి. కొండ పాదాల దగ్గరి భూగర్భజలాన్ని, కొద్దిపాటి వాలుతో తవ్విన సొరంగం ద్వారా, తోడే పని లేకుండా ఊరికి చేర్చే కాలువ అది.

ఈ విద్యకు హద్దులున్నాయి. తేమ నిండిన విశాఖ గాలిలో నీటితో చల్లబరిచే ఉపాయం సరిగ్గా పారదు. బాద్‌గీర్ గాలితో పాటు దుమ్మునూ పురుగులనూ దింపుతుంది. పూత తరచూ తిరగ వేయాలి. అన్నిటినీ మించి, 2003 డిసెంబరులో ఇరాన్‌లోని బమ్ నగరంలో వచ్చిన భూకంపంలో మట్టి ఇళ్లు కూలి సుమారు 26 వేలమంది చనిపోయారు. భూమి కంపించే చోట పచ్చి ఇటుకను పాత పద్ధతిలోనే వాడాలని ఎవరూ అనకూడదు. మట్టికి తగిన బలం చేకూర్చడం ఇంజనీర్ల బాధ్యత.

2017లో యునెస్కో యజ్ద్ పాతబస్తీని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఎన్నో పాత ఇళ్లు హోటళ్లయ్యాయి. గుర్తింపు మంచిదే. కానీ ఆ లెక్క కొత్త ఇళ్లలోకి రావాలి. దుబాయిలో మన కరీంనగర్, నిజామాబాద్ మనుషులు ఎండకు మాడుతూ అద్దాల మేడలు కడుతున్నారు. ఆ ఊళ్లోనే, అల్ ఫహీదీ పేటలో, ఇరాన్ నుంచి వచ్చిన వర్తకులు కట్టించుకున్న గాలి బురుజుల ఇళ్లున్నాయి. అద్దాల మేడను చల్లబరిచే ఏసీ గదిలోని వేడిని తీసి వీధిలోకి పోస్తుంది, దాంతో పక్కింటి ఏసీకి పని పెరుగుతుంది. మట్టిగోడ ఎవరి మీదా ఆ భారం వెయ్యదు.

రాయలసీమలోనో పాలమూరులోనో ఇల్లు కట్టుకునేవారికి బురుజు అక్కర్లేదు. పడమటి గోడకు అద్దం వద్దు, వరండా కావాలి. కప్పు మీద సున్నపు తెల్లపూత, రాత్రిళ్లు భయం లేకుండా తెరిచి పెట్టుకునేలా ఎదురెదురు కిటికీలకు గట్టి కమ్ములు, దోమల జాలీ కావాలి. గోడలు లేవకముందే మేస్త్రీతో మాట్లాడుకోవలసినవి ఇవి.